బంధువులకు చెప్పాము

ఫిబ్రవరి 6

వదినగారికి,

మీరు బాగానే ఉన్నారనుకుంటాను. బాగా లేకపోతే ఈపాటికి చుట్టాలందరికీ ఫోన్లు వెళ్ళి ఉండేవి.

మీతో ఇక ఫోన్లో మాట్లాడనని, అన్నయ్య చనిపోయిన నెలలోనే చెప్పాను. ఇప్పటికీ ఆ మాట మీదే ఉన్నాను. ఉత్తరం రాయనని మాత్రం అనలేదు. అవసరం పడింది, రాస్తున్నాను.

నా గొంతులో మళ్ళీ గడ్డ లేచింది. ఈసారి కుడిపక్క. పదకొండేళ్ళ కిందట మీ ఇంట్లో ఉండి, అన్నయ్య "మనవాడే" అని తీసుకెళ్ళిన ఆ డాక్టరు పెద్దాయన ఆసుపత్రిలో ఎడమపక్క గడ్డ తీయించుకున్నాను కదా. ఆ తర్వాత నా గొంతు ఏమైందో మీరు చూశారు. చూసి నమ్మలేదు, అది వేరే సంగతి.

ఇక్కడి సర్జన్ చిన్నపిల్ల. మా ప్రెస్సులో కొత్తగా చేరిన అమ్మాయిలా ఉంటుంది. మొదట లేచి వచ్చేద్దామనుకున్నాను. కానీ గొంతులోకి సన్నటి గొట్టం దించి చూసి ఒక మాట అంది. "ఎడమవైపు స్వరతంత్రి కదలడం లేదండీ. అప్పుడు లోపల ఏం చేశారో, ఎంత తీశారో, ఆ గడ్డ ఎలాంటిదో తెలియకుండా నేను కుడివైపు కత్తి పెట్టను. ఆ పక్క నరం కూడా దెబ్బతింటే మీకు మాట సంగతి తర్వాత, ఊపిరే కష్టమవుతుంది" అంది.

కాబట్టి పాత కాగితాలు కావాలి. నా ఫైలు అన్నయ్య చెక్క బీరువాలో పెట్టి వచ్చాను. వెతికి రిజిస్టర్డ్ పోస్టులో పంపండి. దీనికి మీరు పెద్దగా ఆలోచించాల్సింది ఏమీ లేదు.

ఇట్లు,
మీ ఆడపడుచు


ఫిబ్రవరి 12

అమ్మాయికి,

ఎప్పటినుంచమ్మా నేను "మీరు" అయ్యాను? ఉత్తరం తెరవగానే బ్యాంకు వాళ్ళు రాశారేమో అనుకున్నాను.

నీ ఫైలు లేదు. బీరువా ఖాళీ చేసిన రోజు నువ్వూ ఇక్కడే ఉన్నావు. నేను మీ అన్న చొక్కాలు మడతపెడుతుంటే నువ్వు వంటగదిలో మీ పిన్ని చెవిలో గుసగుసలాడుతున్నావు. నేను గుమ్మంలోకి రాగానే ఇద్దరూ ఆపేశారు. అప్పుడు ఆ నోటికి కాస్త పని తగ్గించి చేతికి చెప్పి ఉంటే నీ ఫైలు నీకే దొరికేది.

అయినా నేను మనిషిని కాబట్టి దుకాణం మధ్యాహ్నం మూసి ఆసుపత్రికి వెళ్ళాను. గుర్తుపట్టలేవు ఇప్పుడు. నేలంతా అద్దంలా మెరుస్తోంది. అడుగుపెట్టగానే పెద్దాయన ఫోటో, నిలువెత్తున, చేతులు కట్టుకుని నవ్వుతూ. ఆ నవ్వు చూస్తే రోగం లేనివాడికి కూడా ఏదో ఒకటి వచ్చేట్టు ఉంది. కింద కౌంటర్లో ఒకమ్మాయి గోళ్ళు చూసుకుంటోంది.

"పాత రికార్డుల నకలు కావాలమ్మా" అన్నాను.

"పేషెంటు మీరేనా?"

"కాదు. వేరే ఊళ్ళో ఉంది."

"పేషెంటే రావాలండీ."

"గొంతు బాగాలేక మంచం ఎక్కబోతోంది, ఎలా వస్తుంది?"

"బాగయ్యాక రమ్మనండి."

విన్నావా? బాగయ్యాక రావాలట! బాగయ్యాక ఇంకెందుకు వస్తారు, ఫోటోతో సెల్ఫీ దిగడానికా? ఆ పిల్లతో మాట్లాడితే నాకే బీపీ వచ్చేట్టుంటే తిరిగొచ్చేశాను.

ఆ గడ్డ ఎంతుంది? నొప్పి ఉందా? అడిగానని పొంగిపోకు. ఎవరైనా అడిగితే చెప్పడానికి.

వదిన


ఫిబ్రవరి 19

వదినగారికి,

గడ్డ రేగిపండంత. నొప్పి లేదు. అడిగినవాళ్ళకి చెప్పండి.

మీరు ఏదడిగినా గొడవగానే అడుగుతారు, అందుకే ఆ పిల్ల గోళ్ళు చూసుకుంది. మా సర్జన్‌కి చెబితే నవ్వింది. "నోటితో అడిగితే ఎవరూ ఇవ్వరండీ. పేషెంటు సంతకంతో అర్జీ ఉండాలి, గుర్తింపు కార్డు నకలు జతచేయాలి, మీరు వెళ్ళలేకపోతే ఎవరికి ఇవ్వాలో పేరు రాసి అధికారం ఇస్తూ ఇంకో కాగితం ఉండాలి. అంతే" అంది. ఇంత చిన్న సంగతి ఆ కౌంటరు పిల్ల చెప్పలేదు, మీరు అడగలేదు.

మూడు కాగితాలూ ఇందులో పెట్టాను. "నా రికార్డు ఇవ్వండి" అని స్పష్టంగా రాశాను. పట్టుకెళ్ళి ఇస్తే చాలు. మీరు దానికి ఏమీ కలపక్కర్లేదు.

గుసగుసల సంగతి. నేను మాట్లాడితే అంతే వినపడుతుంది. పిన్నికి చెముడు, అందుకని చెవి దగ్గరికి వెళ్ళాను. అన్నయ్యకి ఆఖర్న నీళ్ళు ఎవరు పట్టారని అడిగాను. అదీ మా కుట్ర.

మీ ఉత్తరంలో మూడు అక్షరదోషాలున్నాయి. దిద్ది పంపుదామనుకున్నాను, ఓపిక లేక ఊరుకున్నాను.

ఆడపడుచు


ఫిబ్రవరి 27

ప్రూఫ్ రీడరు గారికి,

దోషాలు దిద్దుకోవడానికి నాకు తీరిక లేదు. పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఊళ్ళోవాళ్ళ కళ్ళకి అద్దాలు బిగించాలి.

నీ కాగితాలు పట్టుకెళ్ళాను. ఈసారి రికార్డు రూముకి పొమ్మన్నారు. పైన పాలరాయి, కింద నేలమాళిగ. మెట్ల దగ్గరే బూజు వాసన. చెక్క అరల్లో ఫైళ్ళు తాళ్ళతో కట్టి పైకప్పు దాకా పేర్చారు. వాటి మధ్య ఒక గుమాస్తా. నా దుకాణంలో కొన్న కళ్ళజోడే పెట్టుకున్నాడు. నన్ను గుర్తుపట్టి కూడా పట్టనట్టు ఫ్యాను వైపు చూశాడు. సాయంత్రం దాకా బెంచీ మీద కూర్చోబెట్టి, ఒకే ఒక్క పేజీ చేతిలో పెట్టాడు. డిశ్చార్జి సమ్మరీ అట. ఇందులో పెట్టాను, చదువుకో. "ఆపరేషన్ సక్రమంగా జరిగింది. రోగి సంతృప్తికరమైన స్థితిలో ఇంటికి వెళ్ళింది." నువ్వు, సంతృప్తి! ఆ ఒక్క ముక్క చూస్తేనే తెలియడం లేదా ఎంత నిజం రాశారో?

ఇంకేమీ లేవా అన్నాను. "అర్జీలో రికార్డు అన్నారు, రికార్డు ఇచ్చాం" అన్నాడు.

ఇక నీ గొంతు సంగతి. ఆ రోజు పెద్దాయన మా ఇద్దరి ముందే అన్నాడు, "నెలలో వచ్చేస్తుంది, ఆవిడే ప్రయత్నించడం లేదు" అని. మీ అన్న నీకోసం రోజూ వేణ్ణీళ్ళు కాచి పుక్కిలించమంటే తలుపేసుకున్నావు. పంతం నీది, పాపం మాది.

పని అయిపోయింది కదా. ఇక నాకు రాయక్కర్లేదు.

వదిన


మార్చి 6

వదినగారికి,

పని అవలేదు. మా సర్జన్ ఆ పేజీని ఇటు తిప్పి అటు తిప్పి, "ఇది ఇంటికి పంపేటప్పుడు ఇచ్చే కాగితమండీ. దీన్ని బట్టి ఏమీ చేయలేను" అని పక్కన పెట్టేసింది. ఆపరేషన్ వాయిదా పడింది. మింగుతుంటే ఇప్పుడు అడ్డం తగులుతోంది.

ఒక మాట సూటిగా అడుగుతాను. ఆ గుమాస్తా ఒక్క పేజీయే ఇచ్చాడా? లేక మీరు ఒక్క పేజీయే పంపారా?

ఆ రోజు అన్నయ్య పెద్దాయన గదిలోంచి వచ్చి వరండా స్తంభం చాటున కళ్ళు తుడుచుకోవడం నేను చూశాను. మీరు ఆయన్ని మోచేత్తో పొడిచి నా వైపు తిప్పారు. ఇద్దరూ నవ్వారు. ఆ నవ్వు నాకు ఇప్పటికీ గుర్తే. ఆ గడ్డ చెడ్డదని చెప్పాడా? నాకు తెలియకూడదని మీరిద్దరూ అనుకున్నారా? అందుకేనా నా ఫైలు మీ ఇంట్లోనే మాయమైంది? నేను పసిపిల్లను కాను. ఏదైనా చదివి తట్టుకోగలను. తెలియకుండా ఉండడమే తట్టుకోలేను.

సర్జన్ చెబుతుంటే రాసుకుని కొత్త అర్జీ పంపుతున్నాను. ఆపరేషన్ నోట్, తీసిన గడ్డ బయాప్సీ రిపోర్టు, మత్తు ఇచ్చిన షీటు, వార్డులో రోజువారీ రాసిన పేజీలు అని విడివిడిగా, ఏ నెల ఏ సంవత్సరమో సహా రాశాను. రెండో ప్రతి మీద అందినట్టు ముద్ర వేయించుకోండి. అసలు వాళ్ళ దగ్గరే ఉంటుంది, నకలు అడగడం పేషెంటు హక్కు అని చెప్పమంది. "ఇవ్వం" అంటే, ఆ మాటే కాగితం మీద రాసివ్వమనండి.

మీకు ఇష్టం లేకపోతే చెప్పండి. ఈ మెడ పట్టుకుని నేనే వస్తాను.

ఆడపడుచు


మార్చి 14

చదువుకున్న దానా,

నీ ఉత్తరం చదివి రెండు రోజులు కలం పట్టలేదు. పట్టుంటే ఈ కాగితం కాలిపోయేది.

మీ అన్న ఏడ్చాడు. నిజమే. మీ అన్న ఎప్పుడు ఏడవలేదు? నాకు పన్ను పీకించినప్పుడు కూడా ఏడ్చాడు. నీకు మెలకువ వచ్చిందని నర్సు చెబితే ఏడ్చాడు. అది చూస్తే నువ్వు భయపడతావని పొడిచి నవ్వించాను. అందులో కూడా నీకు కుట్రే కనిపించిందంటే, నీ కళ్ళకి నా దుకాణంలో అద్దాలు లేవు.

ఇక జరిగింది విను. గుమాస్తా అర్జీ చదివి వెనక్కి తోశాడు.

"ఇవన్నీ ఇవ్వడానికి లేదమ్మా. లోపలి కాగితాలు."

"లోపలివే కావాలి. కోసింది లోపలే కదా."

"రూలు లేదు."

"సరే. ఇవ్వం అని ఒక ముక్క రాసి సంతకం పెట్టు. అదే పంపుతాను."

"అలా రాసివ్వకూడదమ్మా."

"ఇవ్వకూడదు, ఇవ్వనని రాయకూడదు. మరి నీ ఉద్యోగం ఏమిటి నాయనా, కుర్చీ ఎగిరిపోకుండా కూర్చోవడమా?"

వెనక బెంచీ మీదున్న వాళ్ళు నవ్వారు. అతను లేచి పెద్దాయన దగ్గరికి తీసుకెళ్ళాడు. ముసలివాడయ్యాడు. గదిలో కూడా తన ఫోటోనే, ఎదురుగా. చూసుకుంటూ కూర్చుంటాడు కాబోలు.

"పాతవన్నీ ఎందుకు తవ్వుతారమ్మా? కేసు వేస్తారా?" అన్నాడు.

"మీరు చేసినదాని పక్కనే ఇంకొకరు చేయాలిటండీ. మీరేం చేశారో చూసుకోకుండా ఆ అమ్మాయి చెయ్యి పెట్టనంటోంది."

"ఈకాలం పిల్లలకి ధైర్యం తక్కువ. ఫైలు ఆసుపత్రిదమ్మా."

"ఫైలు మీరే ఉంచుకోండి, నాకెందుకు, దుకాణంలో చోటు లేదు. నకలు ఇవ్వండి. అందులో ఉన్న గొంతు మాత్రం ఆవిడది."

నా వంక చూసి సంతకం గీకాడు. కళ్ళజోడు ఒక పక్కకి ఒరిగి ఉంది. ఎవరిది ఒరిగినా నా చేతులు ఊరుకోవు. ఆయనది సర్దాలనిపించలేదు.

నకళ్ళన్నీ ఇందులో ఉన్నాయి. నేను చదివాను. తిట్టుకో. అర్థం కానివి నా దుకాణానికి వచ్చే డాక్టరమ్మ చేత చెప్పించుకున్నాను. గడ్డ మంచిదే, క్యాన్సరు కాదు, బయాప్సీలో ఉంది. నీ నరం మాత్రం గడ్డకి అంటుకుని ఉంటే విడదీయలేక తెంచేశాడట. ఆపరేషన్ నోటులో ఆయన చేత్తోనే రాశాడు. అంటే నెలలో రాదు, ఏడాదిలో రాదు. నువ్వు పుక్కిలించినా రాదు.

ఆ తర్వాతి పేజీ చూడు. "గొంతు మార్పు శాశ్వతం కావచ్చని బంధువులకు చెప్పాము" అని ఉంది.

బంధువులంటే ఈ ఊళ్ళో ఎవరున్నారు నీకు? మీ అన్న, నేను. మీ అన్న వచ్చి చెప్పలేడు. మిగిలింది నేను. మాకు ఎవరూ చెప్పలేదు. మాకు చెప్పింది నువ్వు ప్రయత్నించడం లేదనే. సర్జన్‌కి ఆ పేజీతో పనిలేదని డాక్టరమ్మ అంది. తీసేసి మిగతావి పంపొచ్చు. పెట్టాను. నువ్వేమనుకుంటావో నాకు తెలుసు. అనుకో.

గుసగుసల మాట వాపసు తీసుకుంటున్నాను. అదొక్కటే. మిగతావన్నీ అలాగే ఉన్నాయి.

వదిన


మార్చి 22

వదినా,

అందాయి. సర్జన్‌కి ఇచ్చాను. తల ఊపి, "ఇప్పుడు నాకు దారి తెలిసింది" అంది. కుడివైపు నరం ఒక్కటే నాకు మిగిలిందని ఖాయమైంది కాబట్టి, గడ్డలో కొంత వదిలేసి అయినా సరే, ఆ నరం జోలికి వెళ్ళదట. వచ్చే నెల మొదట్లో ఆపరేషన్.

ఇక ఆ పేజీ సంగతి. ప్రెస్సులో నా బల్ల మీద పెట్టుకుని మధ్యాహ్నమంతా చూశాను. ఇన్నేళ్ళుగా నా పని ఏమిటి? అచ్చులో ఉన్నంత మాత్రాన నమ్మకపోవడం. మొదట నిన్నే అనుమానించాను. ఎందుకు అబద్ధం చెప్పాలి, నిన్ను బాగా తిట్టుకున్నాను కూడా. తర్వాత ఆలోచించాను.

నీకు తెలిసి ఉంటే దాచగలిగేదానివా? నీ కడుపులో మాట ఒక పూట ఆగిందా ఎప్పుడైనా? మన మొదటి పోట్లాటలోనే, "గొంతు పోయినదానివి, నీకింత పొగరేమిటి" అని నా మొహాన కొట్టేదానివి. ఇన్ని పోట్లాటల్లో ఒక్కసారి అనలేదంటే నీకు తెలియదనే అర్థం. అన్నయ్యకి ఒక్కడికే చెప్పారా అంటే, అన్నయ్యకి తెలిస్తే నీకు తెలిసినట్టే. ఆయన జేబులో ఏముందో ఆయనకన్నా ముందు నీకు తెలిసేది.

కాబట్టి రాసినవాడే అబద్ధమాడాడు. పదకొండేళ్ళు నేను మొండిదాన్ని, నాటకాలదాన్ని. పెళ్ళిళ్ళలో నన్ను మాట్లాడించడం మానేశారు. ఆ మహానుభావుడు మాత్రం గోడ మీద నవ్వుతున్నాడు. కోసినప్పుడు నరం తెగడం తప్పో కాదో నాకు తెలియదు, సర్జన్ కూడా ఒక్కోసారి తప్పదంది. తెగిందని చెప్పడానికి నోరు రాలేదు చూడు, అది మాత్రం చేతకానితనం. నా గొంతు తెంచి, తన నోరు దాచుకున్నాడు.

రికార్డులో తప్పుంటే పేషెంటు రాతపూర్వకంగా చెప్పి, ఆ కాగితాన్ని ఫైలుకి జతచేయమని అడగవచ్చట. రాశాను. "ఈ విషయం నాకు గానీ, నా అన్నకి గానీ, వదినకి గానీ చెప్పలేదు" అని. ఇచ్చి, ముద్ర వేయించు.

నువ్వు


(చూశావా, కోపంలో నా సంతకం బదులు నీ సంబోధన రాశాను. దిద్దను. అలాగే ఉండనీ.)


ఏప్రిల్ 2

అమ్మాయికి,

దిద్దేదానివి నువ్వే తప్పు రాస్తే మాకు ఎంత సంతోషమో తెలుసా?

నీ కాగితం ఇచ్చాను. గుమాస్తా చదివాడు. తర్వాత నీ ఫైలు కట్ట విప్పి, ఆ పేజీ పక్కనే గుండుసూదితో గుచ్చి, నాకు చూపించి మళ్ళీ కట్టాడు. ముద్ర వేశాడు. పెద్దాయన దగ్గరికి కూడా వెళ్ళాను, వద్దన్నా ఆగలేదు.

"బంధువులకి చెప్పామని రాశారు. ఏ బంధువుకండీ? పేరు చెప్పండి, నేనూ పలకరిస్తాను" అన్నాను.

"అన్నీ గుర్తుంటాయామ్మా? ఎంతమంది పేషెంట్లు!" అన్నాడు.

"గుర్తులేనిదాన్ని రాయడం మీకు బాగా వచ్చు" అని వచ్చేశాను. వెనక నుంచి పిలుస్తున్నాడు. పలకలేదు. ఆయన కూడా కాసేపు జవాబు లేకుండా ఉండనీ.

నీకు తోడు ఎవరున్నారు? ప్రెస్సు వాళ్ళా? వాళ్ళకి నువ్వు నీళ్ళు తాగావో లేదో చూడడం చేతనవుతుందా? రమ్మంటే దుకాణం మూసి వస్తాను. రమ్మనవని తెలుసు. వెంటనే జవాబు రాయి. రాయకపోతే నేనేమీ కంగారుపడను. ఊరికే రాయి.

వదిన


ఏప్రిల్ 11

వదినా,

నీ ఉత్తరం ఆపరేషన్ అయ్యాకే అందింది. ప్రెస్సుకి వస్తే ఎవరో ఇవాళ తెచ్చి దిండు కింద పెట్టారు. జవాబు రాలేదని నువ్వు కంగారుపడలేదన్నది నేను నమ్మాననుకో.

బతికే ఉన్నాను. మాట్లాడొద్దన్నారు, అందుకే వార్డంతా నన్ను మంచిమనిషి అనుకుంటోంది. పక్కమంచం ఆవిడ పొద్దస్తమానం తన అల్లుడి గొప్పలు చెబుతుంది. చెప్పేది వినక తప్పని మనిషి దొరికానని ఆవిడ సంబరం.

మెలకువ రాగానే సర్జన్ వచ్చి నా మంచం మీదే కూర్చుంది. బయటికి వెళ్ళి ఎవరికో చెప్పలేదు, నాకే చెప్పింది. నరం దగ్గర చిన్న ముక్క వదిలేసిందట, మిగతాదంతా తీసేసిందట. నరం భద్రం. "ఒక మాట అనండి" అంది. ఏమనాలో తోచక "ఊఁ" అన్నాను. ఆ పాత బొంగురు గొంతే. అంత హాయిగా ఎప్పుడూ వినపడలేదు. బయాప్సీ రిపోర్టు ఇవాళ వచ్చింది. ఇదీ మంచిదే.

ఎల్లుండి ఇంటికి పంపుతారు. నా రికార్డు మొత్తం నకలు చేతిలో పడితే గానీ మంచం దిగనని పలక మీద రాసి చూపించాను. అర్జీ తీసుకుని ఇక్కడి రికార్డు గుమాస్తా స్వయంగా వచ్చాడు. వీడికీ తెలివి అంతంతమాత్రమే.

"మీరు రాలేనప్పుడు ఎవరికి ఇవ్వమంటారు? ఎవరికి చెప్పమంటారు?" అన్నాడు.

నీ పేరు రాశాను.

"మీకేమవుతారు?"

వదిన, అని రాశాను.

"అంటే మీ అన్నయ్యగారి భార్య. అన్నయ్యగారు ఉన్నారా?"

లేడని తల ఊపాను.

కలం ఎత్తి పట్టుకుని ఆలోచిస్తున్నాడు. "అయితే మరి బంధుత్వం దగ్గర ఏం రాయాలండీ? దగ్గరి బంధువు కావాలి" అన్నాడు.

మాట్లాడొద్దన్న సంగతి మరిచిపోయాను. "ఏం, ఆయన పోతే ఆవిడ నాకు వదిన కాకుండా పోతుందా? రాయవయ్యా!" అన్నాను. పక్కమంచం ఆవిడ అల్లుణ్ణి ఆపి నా వైపు చూసింది. నర్సు పరుగెత్తుకొచ్చి తిట్టింది.

వాడు రాశాడు. నేను కాగితం తీసుకుని చూశాను. దోషం లేదు.

ఆడపడుచు